అరచేతిలో షాంపేన్

ముందే ఒట్టేసి చెబుతున్నాను. నేను జన్మలో ఒక్క చుక్క వైన్ నోట పోసుకున్నదాన్ని కాను. మా యింట్లో ద్రాక్ష అంటే చారెడు కిస్‌మిస్ నేతిలో వేయించి పరమాన్నంలో వేసుకోవడమే. ద్రాక్షకీ మాకూ అంతకుమించి బాంధవ్యం లేదు. అయినా సరే, ఫ్రాన్సు దేశంలోని షాంపేన్ సీమలో ఏ కొండవాలున ఏ వూరుందో, ఏ వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో అడగండి. మా వూళ్ళో కూరల మార్కెట్టుకి దారి చెప్పినంత తేలిగ్గా చెప్పేస్తాను.

అదెలాగంటారా? అంతా మా అబ్బాయి చలవ. వాడి వుద్యోగం పారిస్‌లో. ఓ ఆదివారం నేను దోసెలు పోస్తుంటే "అమ్మా, ఇవాళ ఇక్కడున్నాను" అంటూ ఫోనుకి ఎర్రటి గుర్తు ఒకటి పంపాడు. వేలితో నొక్కితే పటం తెరుచుకుంది. వూరి పేరు అక్షరాల ప్రకారం చదివితే రెయిమ్స్. ఫ్రెంచివాళ్ళు మాత్రం దాన్ని ముక్కుతో 'రాన్స్' అంటారట. రాసేది ఒకటి, పలికేది ఒకటి. పారిస్‌లో రైలెక్కితే ముప్పావుగంట ప్రయాణం.

మావారు పేపరు మడిచి, నా భుజం మీదుగా తొంగిచూశారు. "షాంపేనా? ఆ సారా ఊళ్ళో వాడికేం పని?" అన్నారు.

"గుడి చూడ్డానికి వెళ్ళాడు లెండి. ఫ్రాన్సు రాజులకి పట్టాభిషేకాలు జరిగిన చర్చి అక్కడే వుందిట" అని సర్దిచెప్పాను. ఆయన నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. వాడు ఏ వీధిలో తిరుగుతున్నాడో చూద్దామని పటం మీద రెండు వేళ్ళూ పెట్టి విడదీశాను. అంతే, ఆ రోజు దోసెల పెనం మాడిపోయింది.

ఏం చూశానంటారు? వూరు దాటగానే కొండవాలంతా దువ్వెనతో దువ్వినట్టు సన్నసన్నని చారలు. ఇంకా దగ్గరికి వెళితే అవి చారలు కావు, ద్రాక్షతీగల వరసలు. మధ్యమధ్య వేసిన బాటలు, పెరటిగోడలు, ఎవరో ఆపి వుంచిన ట్రాక్టరు - అన్నీ కనిపిస్తున్నాయి. అక్కడక్కడ చిన్న బొమ్మలు. నొక్కితే ఆ తోట చూసివచ్చినవాళ్ళు తీసుకున్న ఫొటోలు, రాసుకున్న ముచ్చట్లు. ఎవరో అమ్మాయి కోతల రోజున బుట్ట పట్టుకుని నిలబడింది. ఎవరో పెద్దాయన తన కత్తెర చూపిస్తున్నాడు. వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. అయినా పెళ్ళి ఆల్బం చూసినట్టు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ కూర్చున్నాను.

ఈ సదుపాయం ఎప్పటిదో కాదు. ద్రాక్షసీమలన్నిటికీ విడివిడిగా పటాలు గీసి హ్యూ జాన్సన్ అనే ఆంగ్లేయుడు 1971లో పెద్ద అట్లాసు పుస్తకం ప్రచురిస్తే, లోకం అబ్బురపడింది. గూగుల్ పటాలు 2005లో వచ్చాయి. సీసా మీది చీటీని ఫొటో తీస్తే దాని పుట్టుపూర్వోత్తరాలూ, తాగినవాళ్ళ అభిప్రాయాలూ చెప్పే వివినో అనే కంపెనీ డెన్మార్కులో 2010లో పుట్టింది. పూర్వం ఆ ముచ్చట్లు షావుకార్లకీ, దొరలకీ మాత్రమే దక్కేవి. ఇప్పుడు దోసెలు పోసుకునే నాకూ దక్కాయి.

సరే, పటంలోకి రండి. రాన్స్ నగరానికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఎపెర్నే అనే పట్నం. రెండింటికీ మధ్య అడవి కప్పుకున్న కొండ. ఎపెర్నే పక్కనుంచి మార్న్ నది మెలికలు తిరుగుతూ పోతుంది. కొండ అంచున వెర్జెనే అనే వూళ్ళో నాకొక దీపస్తంభం కనిపించింది. అవునండీ, ఓడలకి దారి చూపే దీపస్తంభమే! సముద్రం ఎక్కడో వంద మైళ్ళకు పైగా దూరాన వుంటే, ద్రాక్షతోట నడుమ దీపస్తంభం ఏమిటా అని ఆరా తీశాను. ఒక షాంపేన్ వ్యాపారి తన సరుకు ప్రచారం కోసం 1909లో కట్టించాడట. ఇప్పుడది మ్యూజియం. మన సినిమా వాళ్ళ కటౌట్లకి అది తాతన్నమాట.

నదికి ఉత్తరపు ఒడ్డున ఓవిల్యే అనే పల్లె. అక్కడి మఠంలో దొం పెరిన్యాఁ అనే సన్యాసి 1668 నుంచి 1715లో చనిపోయేదాకా సరుకుల గదికి పెత్తందారుగా వున్నాడు. షాంపేన్‌లో బుడగలు కనిపెట్టింది ఆయనేనని అందరూ అంటారు. అసలు సంగతి వేరు. చలికి సగంలో ఆగిపోయిన పులుపు, వసంతంలో ఎండ తగలగానే మళ్ళీ మొదలై, సీసాలో గాలి నిండి బుడగలు వస్తాయి. ఆ గాలి ఒత్తిడికి సీసాలు పేలిపోయేవి. పాపం, ఆ సన్యాసి ఆ బుడగల్ని ఎలా వదిలించుకోవాలా అనే తంటాలు పడ్డాడు. మనం ఇడ్లీపిండి పొంగాలని ఎదురుచూస్తే, ఆయన పొంగకూడదని ఎదురుచూశాడన్నమాట.

ఇలా వూరూరూ తిరుగుతుంటే ఒక మాట నా కంటికి పదేపదే తగలసాగింది. 'వవ్'. వవ్ ఫలానా, వవ్ ఫలానా అని. గొప్ప యింటిపేరు కాబోలనుకుని "ఒరే, వవ్ వాళ్ళెవర్రా? అన్ని తోటలూ వాళ్ళవేనా?" అని అబ్బాయికి మెసేజ్ పెట్టాను.

కాసేపటికి జవాబొచ్చింది. "యింటిపేరు కాదమ్మా. వవ్ అంటే విధవ."

ఫోను పక్కన పెట్టేశాను. మన యింట్లో పిల్లవాడు గ్లాసు పగలగొడితే నోటికొచ్చే తిట్టు ఏ మాటలోంచి పుట్టిందో మీకు తెలుసు. ఆ మాటని అక్కడ సీసా మీద పెద్దక్షరాలతో అచ్చువేసుకుంటారు! పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఆ సీసాయే తెచ్చి తెరుస్తారు! ఆ సంగతేమిటో తేల్చుకోకుండా నాకు నిద్ర పట్టలేదు.

ఆమె పేరు బార్బ్ నికోల్. రాన్స్‌లో బట్టల మిల్లులున్న పోన్సార్దాఁ అనే ధనవంతుడి కూతురు. 1777లో పుట్టింది. 1798లో ఫ్రాన్స్వా క్లికో అనే అతనికిచ్చి పెళ్ళిచేశారు. విప్లవం రోజులు కనక చర్చిలో కాకుండా నేలమాళిగలో రహస్యంగా పెళ్ళి జరిగిందని చెబుతారు. అత్తవారికి బట్టల వ్యాపారం, దాంతోపాటు కాస్త వైన్ వ్యాపారం. ఎనిమిదేళ్ళు తిరక్కుండానే, 1805 అక్టోబరులో భర్త జ్వరంతో పోయాడు. ఆమెకి 27 ఏళ్ళు. చేతిలో ఆరేళ్ళ ఆడపిల్ల.

మామగారు పుత్రశోకంతో వ్యాపారం మూసేద్దామన్నాడు. కోడలు వద్దంది. తాను నడుపుతానంది. ఆయన ఒప్పుకున్నాడు గాని, వూరికే ఒప్పుకోలేదు. వ్యాపారం తెలిసిన ఒక భాగస్వామి దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకోవాలని షరతు. నాలుగేళ్ళూ యుద్ధాలే. లాభం సున్న. 1810లో భాగస్వామి తప్పుకున్నాడు. ఆమె తప్పుకోలేదు. దుకాణానికి తన పేరే పెట్టుకుంది - వవ్ క్లికో పోన్సార్దాఁ. విధవ, అత్తింటి పేరు, పుట్టింటి పేరు!

ఇక్కడొక తమాషా వుంది. నెపోలియన్ 1804లో తెచ్చిన చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడది భర్త మాటకి కట్టుబడి వుండాలి. ఆయన అనుమతి లేకుండా ఒప్పందం చేసుకోకూడదు, ఆస్తి అమ్మకూడదు, కోర్టుకెక్కకూడదు. పెళ్ళికాని పిల్ల మైనారిటీ తీరేదాకా తండ్రి చాటున వుండాలి. విధవ మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా సొంతంగా సంతకం పెట్టగలిగేది. మనదేశంలో ఆ మాట తగలగానే ఆడదానికి వున్న తలుపులన్నీ మూసుకునేవి. అక్కడ మాత్రం మూసివున్న తలుపొకటి తెరుచుకుంది. అలాగని వాళ్ళు మనకంటే దయగలవాళ్ళని కాదు. భర్త వున్నంతకాలం తలుపు మూసి వుంచినవాళ్ళూ వాళ్ళేగా!

ఆమె షాంపేన్ దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళింది లేదు. కాని లూయీ బోన్ అని ఆమెకో ఏజెంటు వుండేవాడు. అతను దేశదేశాలూ తిరిగి వుత్తరాలు రాసేవాడు. ఏ రాజ్యంలో ఎవరికి ఏ రుచి యిష్టం, ఏ రేవు మూశారు, ఏ రాణి నీళ్ళోసుకుంది - అన్నీ రాసేవాడు. యింట్లో బల్ల ముందు కూర్చుని ఆమె ఆ వుత్తరాలతో లోకమంతా చూసింది. మా అబ్బాయి పంపిన ఎర్ర గుర్తుకీ, ఆ వుత్తరాలకీ తేడా ఏముంది చెప్పండి? ఇవాళ ఫోనులో మనం చేసే పనినే ఆమె కాగితం, సిరా పెట్టుకుని చేసింది.

1811లో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. మనవాళ్ళయితే అరిష్టమని శాంతి చేయించేవారు. అక్కడ మాత్రం ఆ ఏడు ద్రాక్ష బ్రహ్మాండంగా పండింది. కాని అమ్ముకునేందుకు దారేది? యుద్ధంతో రేవులన్నీ మూతబడ్డాయి. 1814లో రష్యా సైన్యం రాన్స్‌లోకి వచ్చి పడింది. సైనికులు ఆమె కొట్లలో సీసాలు తాగేశారు. ఏడుస్తూ కూర్చోలేదావిడ. రుచి మరిగినవాళ్ళు రేపు కొనుక్కోక పోరని లెక్క వేసింది. రేవుల మీది ఆంక్షలు పూర్తిగా తొలగకముందే, మిగతా వ్యాపారులకి చెప్పకుండా, పదివేలకు పైగా సీసాలు ఒక డచ్చి ఓడకెత్తించి బాల్టిక్ సముద్రం మీద కోనిగ్స్‌బర్గ్ రేవుకి పంపింది. ఓడ పట్టుబడితే ఆమె పని ఆఖరు. పట్టుబడలేదు. వేలంపాటలా ఎగబడి కొన్నారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆమె పేరు మోగిపోయింది.

ఆ ఓడ దారి పటంలో వెతికాను. కోనిగ్స్‌బర్గ్ అనే వూరు ఇప్పుడు పటంలో ఆ పేరుతో లేదు. రష్యావాళ్ళ కాలినిన్‌గ్రాడ్ అదే. రాజ్యాలు పోయాయి, వూళ్ళ పేర్లు పోయాయి. ఆ విధవ పేరు మాత్రం సీసా మీద అలాగే వుంది.

అమ్మకం పెరిగాక ఇంకో చిక్కు. సీసాలోనే పులుస్తుంది కనక అడుగున మడ్డి చేరుతుంది. ఆ మడ్డి తీయాలంటే ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచాలి. వంచితే బుడగలు పోతాయి. మనం బురదనీళ్ళ బిందెలో ఇండుపగింజ అరగదీసి వేసి, మన్ను అడుగుకి దిగాక పైనీళ్ళు తేర్చుకుంటాం కదా. ఆవిడ తలకిందులుగా ఆలోచించింది. మడ్డి అడుగుకి కాకుండా మూతి దగ్గరికి చేరితే? బల్లకి ఏటవాలుగా చిల్లులు పెట్టించి, సీసాల్ని తలకిందులుగా గుచ్చి, రోజూ కాస్తకాస్త తిప్పిస్తే, కొన్ని వారాలకి మడ్డి అంతా మూతి దగ్గర చేరింది. బిరడా తీయగానే అది కాస్తా ఎగిరిపోతుంది, మిగిలింది తేటగా వుంటుంది. తన వంటింటి బల్లకే చిల్లులు పెట్టించిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1816 ప్రాంతంలో మొదలైన ఆ పద్ధతిని ఆమె పనివాడు ఆంట్వాన్ ముల్లర్ ఇంకా మెరుగుచేశాడు. ఇవాళ చాలాచోట్ల మరలు తిప్పుతున్నాయి గాని, కిటుకు మాత్రం అదే.

మరి అప్పటి షాంపేన్ ఎలా వుండేదో తెలుసా? 2010లో ఫిన్లండుకీ స్వీడనుకీ నడుమ ఆలాండ్ దీవుల దగ్గర మునిగిపోయిన ఓడలో 168 సీసాలు దొరికాయి. వాటిలో ఈవిడ సీసాలూ వున్నాయి. శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే లీటరుకి దాదాపు 150 గ్రాముల చక్కెర తేలింది. ఈనాటి మామూలు షాంపేన్‌లో 12 గ్రాములకి లోపే. శ్రీరామనవమి పానకంలాంటిదన్నమాట! ఆ మాట చెబితే మావారు మొదటిసారి కాస్త మెత్తబడ్డారు.

ఆవిడ 1866లో, 88 ఏళ్ళ వయసులో, బుర్సో అనే పల్లెలో తాను కట్టించుకున్న కోటలో పోయింది. పటంలో ఆ కోట బురుజులు కనిపిస్తాయి. అంతా బాగుంది గాని, నన్నొక్క విషయం కలుక్కుమనిపించింది. కన్నకూతురికి ఆవిడ వ్యాపారం నేర్పలేదు. ఒక జమీందారుకిచ్చి పెళ్ళిచేసి, వ్యాపారాన్ని వెర్లే అనే వుద్యోగిని భాగస్వామిగా చేర్చుకుని అతనికి అప్పజెప్పింది. తాను దాటిన గడపని కూతురు దాటనక్కర్లేదనుకుందో, దాటడంలో వున్న కష్టం తనకే తెలుసనుకుందో!

అయితే ఆ దారిన ఇంకొకావిడ నడిచింది. రాన్స్‌లోనే లూయీజ్ పొమ్మెరి. ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చేలోపలే భర్త పోతే, పిల్లల్ని పెట్టుకుని వ్యాపారంలోకి దిగింది. రాన్స్ నగరం కింద సుద్దరాయి. రోమన్ల కాలంలో యిళ్ళు కట్టుకోవడానికి ఆ రాయి తవ్వుకుపోతే, 30 మీటర్ల లోతు గోతులు మిగిలాయి. ఎవరికీ అక్కర్లేని ఆ గోతుల్ని ఆవిడ కొని, వాటన్నిటినీ కలుపుతూ 18 కిలోమీటర్ల సొరంగాలు వేయించింది. దిగడానికి 116 మెట్లు. ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడ పది డిగ్రీల చల్లదనమే. తీపి తగ్గించిన షాంపేన్ 1874లో ఇంగ్లీషువాళ్ళకి రుచి చూపించిందీ ఆవిడే.

పొమ్మెరిగారి గురించి నాకు మరీ నచ్చిన సంగతి ఇంకోటుంది. కోతలయ్యాక చేలో వంగి పరిగె ఏరుకునే ముగ్గురు పేదరాళ్ళ బొమ్మ ఒకటుంది. మిల్లే అనే చిత్రకారుడు వేసింది. మీరూ క్యాలెండరు మీదో ఎక్కడో చూసే వుంటారు. దాన్ని ఆవిడ బోలెడు డబ్బు పోసి కొని, దేశానికి యిచ్చేసింది. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో వుంది.

పటంలో కనిపించనిది కూడా ఒకటి చెప్పాలి. అది ఒక గీత. 1908లో ప్రభుత్వం షాంపేన్ సీమకి ఎల్ల గీసింది. దక్షిణాన ఓబ్ జిల్లాని వదిలేసింది. పూర్వం షాంపేన్ ప్రభువుల రాజధాని ట్రువా నగరం ఆ జిల్లాలోదే! 'షాంపేన్ రాజధాని షాంపేన్ కాదా?' అని అక్కడి రైతులు మండిపడ్డారు. ఇటు మార్న్ రైతులకి వేరే మంట. 1910లో పంట దాదాపు పూర్తిగా పోయింది. కొందరు వ్యాపారులు వేరే సీమల చౌక వైన్ రైళ్ళలో తెచ్చి షాంపేన్ అని అమ్ముకుంటున్నారు. 1911 జనవరిలో రైతులు ఆ సరుకుని నదిలో పారబోశారు. గీత ఎత్తేయబోతున్నారని తెలిసి ఏప్రిల్‌లో ఆయీ అనే వూళ్ళో వ్యాపారుల కొట్లూ యిళ్ళూ తగలబెట్టారు. సైన్యం దిగింది. ఓబ్ జిల్లాకి పూర్తి హక్కు 1927లో గాని రాలేదు. సరిహద్దు గీతంటే పాలకులకి సిరా చుక్క, రైతుకి పిల్లల అన్నం.

తర్వాత 1914లో యుద్ధం వచ్చింది. సెప్టెంబరులో ఫిరంగి గుళ్ళకి రాన్స్ చర్చి అంటుకుంది. మగవాళ్ళు సైన్యంలో వుంటే, ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి ద్రాక్ష కోసుకొచ్చారు. జనం నేలమాళిగల్లోకి కాపురాలు దించేశారు. డిసెంబరులో పొమ్మెరివారి సొరంగంలో బడి పెట్టారు. సీసాల వరసల నడుమ పిల్లలు ఎక్కాలు చదువుకున్నారు. ఒక విధవ తవ్వించిన గోతులు ఎందరి పిల్లల్నో కాపాడాయి. రెండో యుద్ధంలో, 1941లో, ఆయీ వూళ్ళోనే లిలీ బోలాంజే అనే ఆవిడకి భర్త పోయాడు. ఆవిడ సైకిలెక్కి తోటలన్నీ తిరుగుతూ 1971 దాకా పెత్తనం చేసింది.

ఇదంతా చదివిన రాత్రి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి ఇరవయ్యారో ఏట తాతయ్య పోయారు. భర్త ఆస్తిలో విధవకి జీవితకాలపు వాటా యిచ్చే చట్టం 1937లో వచ్చింది. అది అమ్మమ్మకి మూడేళ్ళు ఆలస్యమైంది. కాగితాలన్నీ మరిది పేరనే వుండేవి. కాని నాలుగెకరాల చేనూ నడిపింది మాత్రం అమ్మమ్మే. తలుపు చాటునుంచే పాలేరుకి చెప్పి నారు పోయించేది. ఎన్ని బస్తాలు వచ్చాయో, ఎవరికెంత యివ్వాలో నోటిలెక్కే. ఒక్క కాగితం మీదా ఆమె పేరు లేదు. ఏ శుభకార్యం జరిగినా వెనకగదిలోనే వుండేది.

పటం తీసి మా అమ్మమ్మ వూరు వెతికాను. భీమవరం దాటి కాలవ వెంట పోతే, గుడి, చెరువు, వంతెన కనిపించాయి. చేను వుండాల్సిన చోట నీలిరంగు చదరాలు. చేపల చెరువులు తవ్వేశారు. అయినా కాలవ వంపు అలాగే వుంది. ఆ వంపు దగ్గర వేలు నొక్కిపట్టాను. మనకి కావలసిన చోట సొంత గుర్తు పెట్టుకోవచ్చని మనవరాలు నేర్పిందిలెండి. పేరు రాయమని అడిగింది. 'అమ్మమ్మ చేను' అని రాశాను. ఆ గుర్తు నా ఫోనులో తప్ప ఇంకెవరికీ కనపడదు. నా తోడబుట్టినవాళ్ళకి పంపాను. చెల్లెలు అర్ధరాత్రి ఫోను చేసి, చింతచెట్టు ఇటుపక్క కదక్కా వుండేది, అంటూ గంటసేపు మాట్లాడింది.

పొద్దున్నే మావారు అడిగారు. "ఏమిటి, ఇంకా ఆ సారా ఊళ్ళోనే వున్నావా?"

"లేదు, మా వూరొచ్చేశాను" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. కాఫీ యిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పటం చూపించాను. చాలాసేపు చూసి, "మా అమ్మ వాళ్ళ కొబ్బరితోట కూడా దొరుకుతుందంటావా?" అన్నారు. వెతుకుతున్నాం.